కణజాల వర్ధనము – జెర్బెరా పూల సాగు

“విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా” యని మన పెద్దలు చెప్పుచుందురు. వరి, జొన్న, కంది మొదలగు పైరుల విషయమున ఈ సామెత సత్యమే. కాని పూలమొక్కలలో అనేకములకు ఇది వర్తింపదు. ఎఱ్ఱని జెర్బెరా పూవునుండి తీసిన విత్తనములను నాటి చూచినచో, కొన్ని మొక్కలు ఎఱ్ఱనివి, కొన్ని పసుపువి, కొన్ని వెలవెలబోయిన రంగువి పూయును. ఒకదాని కాడ పొడవుగా నుండును. వేరొకదాని కాడ జానెడైనను ఉండదు. ఇట్టి పూవులు పెరటికి అందము గూర్చునేమో కాని విపణికి పనికిరావు. పెండ్లిపందిళ్ళను, సభావేదికలను అలంకరించువారు ఒకే రంగు, ఒకే పరిమాణము, ఒకే పొడవు గల పూవులను పదేసి చొప్పున కట్టలుగా కొందురు. కట్టలో రెండు పూవులు తేడాగా నున్నను ధర తగ్గును.

కావున జెర్బెరా సాగుచేయు రైతునకు వేల సంఖ్యలో మొక్కలు కావలయును. అవన్నియు ఒకే తల్లి పోలికను ఉండవలయును. ఈ రెండు కోరికలను ఒక్కసారి తీర్చగల ఉపాయము కణజాల వర్ధనము. దీనినే టిష్యూ కల్చరు అని అందఱును వ్యవహరించుచున్నారు. నేడు మన పాలీహౌసులలో నాటబడు జెర్బెరా మొక్కలు మిక్కిలి భాగము ఈ విధముగా గాజుసీసాలలో పుట్టినవే. అయినను వీనిని కొని నాటు రైతులలో చాలమందికి ఆ మొక్క ఎచ్చట, ఎట్లు పుట్టినదో, అందలి బలహీనత యేదో తెలియదు. తెలియనందువలన కలుగు నష్టము కొంచెము కాదు. పాలీహౌసు కట్టుటకై తెచ్చిన అప్పు, మొక్క బ్రతికినను తీర్పవలసినదే, చచ్చినను తీర్పవలసినదే. అందుచేత ఈ విషయమును మన సభ్యులకు కొంత విపులముగా తెలుపుట యుక్తమని తలచితిమి.

పూర్వపు పద్ధతులు

పూలమొక్కలను పెంపొందించు పద్ధతులు మన రైతులకు క్రొత్తవి కావు. బంతిని విత్తనముచే, చేమంతిని పిలకలచే, కొమ్మకొనలచే, మల్లెను కొమ్మలను నాటియు నేలయంట్లు త్రొక్కియు, గులాబిని కన్ను అంటు కట్టియు, లిల్లిని దుంపలచే పెంచుట తరతరములుగా వచ్చుచున్న విద్య. గోదావరీతీరమున కడియము ప్రాంతపు నర్సరీలవారు అంట్లు కట్టుటలోను, గూటీలు వేయుటలోను గడించిన నైపుణ్యము దేశమంతట ప్రసిద్ధము. ఈ పద్ధతులలో విత్తనము తప్ప తక్కినవన్నియు తల్లిపోలికను నిలుపునవే. మల్లెకు, చేమంతికి, గులాబికి ఈ పద్ధతులు చాలును. వీనికై గాజుసీసాల మొక్కలను హెచ్చు వెలకు కొననవసరము సాధారణముగా లేదని మొదటనే చెప్పుచున్నాము. క్రొత్తదను మాత్రమున ప్రతిదానికి ఎగబడుట వివేకము కాదు.

జెర్బెరా విషయము వేఱు. ఇది దక్షిణాఫ్రికాకు చెందిన మొక్క. అచ్చటి బార్బర్టన్ పట్టణ ప్రాంతమున దొరకినందున దీనికి బార్బర్టన్ డెయిజీ యనియు పేరు గలదు. ఇది కాండము లేక నేలనంటి ఆకులు పఱచి దుబ్బుగా పెరుగును. కొమ్మలు లేవు గనుక కత్తిరించి నాటుటకు వీలులేదు. అంటు కట్టుటకును వీలులేదు. దుబ్బును చీల్చి పిలకలను వేఱుచేసి నాటవచ్చును గాని, ఒక దుబ్బునుండి ఏటికి కొద్ది పిలకలకంటె రావు. అంతేకాక తల్లిమొక్క వేళ్ళలోను మొదలులోను ఉన్న తెగుళ్ళు పిలకతో గూడ క్రొత్త మడిలోనికి వచ్చును. పావు ఎకరము పాలీహౌసునకు సుమారు 6,000 మొక్కలు కావలసియుండగా, పిలకలను నమ్ముకొన్నవాడు ఎన్నేండ్లకు ఆ సంఖ్యను చేరగలడు? విత్తనము పోలిక తప్పును. పిలక సంఖ్యకు చాలదు. కనుకనే జెర్బెరాకు కణజాల వర్ధనము ఆవశ్యకమైనది. ఆర్కిడ్లు, ఆంథూరియములు మొదలగు మఱికొన్ని పూలమొక్కల స్థితియు నిట్టిదే.

ఈ విద్య పుట్టిన విధము

మొక్క శరీరము కణములను సూక్ష్మభాగములతో నిర్మితమైనది. ఒక్కొక్క సజీవకణమునందును సంపూర్ణ వృక్షముగా పెరుగు శక్తి నిగూఢమై యుండునను భావమును గాట్లీబ్ హేబర్‌లాండ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1902లో ప్రకటించెను. ఆయన ఆకుల కణములను విడదీసి పోషకద్రవములో ఉంచి పరిశీలించెను. కణములు కొంతకాలము బ్రతికినవి గాని విభజన చెందలేదు. ఆయన ఊహ సరియైనదే. దానిని సాధించుటకు కావలసిన ఆహారముల, ప్రేరకద్రవ్యముల జ్ఞానము అప్పటికి లోకమునకు లేదు.

1922లో లూయీ నడ్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్కిడ్ విత్తనములను పంచదార కలిపిన పోషకముపై సీసాలో మొలిపించెను. ఆర్కిడ్ విత్తనము ధూళివలె సూక్ష్మమైనది. దానిలో మొలకకు కావలసిన ఆహారపునిల్వ లేదు. ప్రకృతిలో ఒక శిలీంధ్రము సాయపడిననే గాని అది మొలవదు. ఆ సాయమును పంచదార చేయగలదని తేలుటతో పూలమొక్కలు సీసాలలో పెరుగుటకు త్రోవ యేర్పడెను.

1952లో ఫ్రాన్సు దేశమున జార్జి మోరెల్, మార్టిన్ అనువారు వైరస్ తెగులు సోకిన డాలియా మొక్కల చిగురుకొనలోని అతిసూక్ష్మభాగమును వేఱుచేసి పెంచి, తెగులు లేని మొక్కలను రాబట్టిరి. 1960లో మోరెల్ ఇదే విధమును సింబిడియమను ఆర్కిడ్‌కు అన్వయించెను. ఒక్క చిగురునుండి అసంఖ్యాకముగా మొక్కలు పుట్టింపవచ్చునని తెలియగానే ఆర్కిడ్ వర్తకము స్వరూపమే మారెను. అంతవఱకు సంపన్నుల తోటలకే పరిమితమైన ఆర్కిడ్ పూవు సామాన్యుల విపణిలోనికి వచ్చెను.

ఇంతలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున స్కూగ్, మిల్లర్ అనువారు 1957లో ఒక ముఖ్యవిషయమును వెల్లడించిరి. మొక్కలలో ఆక్సిన్లు, సైటోకైనిన్లు అను రెండు జాతుల ప్రేరకద్రవ్యములు గలవు. పోషకములో సైటోకైనిన్ పాలు హెచ్చైనచో చిగుళ్ళు పుట్టును. ఆక్సిన్ పాలు హెచ్చైనచో వేళ్ళు పుట్టును. ఈ తూనికయే ఈ విద్యకంతటికిని తాళపుచెవి వంటిది. 1962లో మురాషిగే, స్కూగ్ అనువారు పొగాకు కణజాలములపై పరిశోధించి, లవణముల మిశ్రమము నొకదానిని ప్రకటించిరి. నేటికిని లోకములోని ప్రయోగశాలలు హెచ్చుగా వాడునది ఆ మిశ్రమమే. 1974లో మురాషిగేయు, ఆయన సహచరులును జెర్బెరా చిగురుకొనలనుండి మొక్కలను విస్తారముగా పెంచు విధమును తెలిపిరి. అదే దశాబ్దమున హాలెండు దేశమున పీరిక్ అను శాస్త్రజ్ఞుడు లేత పూమొగ్గనుండియే మొక్కలను రాబట్టు విధమును ప్రకటించెను.

ప్రయోగశాలలో జరుగు పని

రైతు స్వయముగా చేయు పని కాకపోయినను, దీని క్రమమును తెలిసికొనినచో మొక్కలోని గుణదోషములు సులభముగా బోధపడును.

మొదటి మెట్టు తల్లిమొక్క యెంపిక. రంగు, కాడ పొడవు, పూల సంఖ్య, తెగుళ్ళు లేకుండుట మొదలగు గుణములను పూత కాలమున పరీక్షించి, మేలైన మొక్కను వేఱుగా నుంచి పోషింతురు. తల్లిలోని దోషమును సీసా పోగొట్టజాలదు. దానిని వేయింతలుగా పెంచును. ఈ యొక్క మాటను మఱవరాదు.

రెండవ మెట్టు భాగమును గ్రహించుట. జెర్బెరా చిగురు మట్టిని ఆనుకొని యుండును గనుక దానిలో శిలీంధ్రములు, సూక్ష్మక్రిములు విశేషముగా దాగియుండును. దానిని కోసినచో తల్లిమొక్కయు చెడును. అందుచేత చాలచోట్ల ఆకులనడుమ దాగిన మిక్కిలి లేత పూమొగ్గను గ్రహింతురు. దానిని నీటితో కడిగి, క్రిమిసంహారక ద్రవములో కొద్ది నిమిషములుంచి, శుద్ధజలముతో పలుమార్లు కడిగి, పరిశుద్ధవాయువు వీచు బల్లయొద్ద చిన్నముక్కలుగా కోసి సీసాలలోని పోషకముపై నుంతురు.

ఆ పోషకమునకు యానకమని పేరు. ఒక లీటరు నీటిలో సుమారు 30 గ్రాముల పంచదార, నత్రజని, భాస్వరము, పొటాషియము, కాల్షియము, మెగ్నీషియము నిచ్చు లవణములు, ఇనుము మొదలగు సూక్ష్మధాతువులు, కొలది విటమినులు, తగుమాత్రముగా ప్రేరకద్రవ్యములు కలుపుదురు. గడ్డకట్టుటకు సముద్రపు నాచునుండి తీసిన అగారును చేర్తురు. ఉదజని సూచికను 5.8కి దగ్గఱగా నిలిపి, సీసాలను ఆటోక్లేవులో 121 డిగ్రీల వేడిమిలో 15 మొదలు 20 నిమిషముల వఱకు ఉంచి క్రిమిరహితము గావింతురు. ఈ పోషకము మొక్కకెంత రుచియో బూజునకును అంతే రుచి. ఒక్క బూజుకణము లోనికి పోయినను రెండు మూడు దినములలో సీసాయంతయు తెల్లనై మొక్క నశించును. కనుకనే ప్రయోగశాలలో శుభ్రత వంటయింటి మడికంటె కఠినమైనది.

మూడవ మెట్టు వృద్ధి. సీసాలను సుమారు 25 డిగ్రీల వేడిమిలో దినమునకు 16 గంటలు దీపకాంతిలో నుంతురు. కొన్ని వారములకు ముక్కపై చిగుళ్ళు పొటమరించును. వానిని వేఱుచేసి క్రొత్త యానకముపై నుంచగా ఒక్కొక్కటి మరల చిగుళ్ళ గుంపుగా మారును. మూడు నాలుగు వారముల కొకసారి ఇట్లు విడదీసి పెంచుచుందురు. ఒక్క చిగురు ప్రతి పర్యాయమును నాలుగగునని అనుకొన్నచో, ఆఱు పర్యాయములకు 4,096 చిగుళ్ళగును. ఇది కాగితముపై లెక్క. బూజుచే, బలహీనతచే పోవువాటిని తీసివేయగా వాస్తవముగా వచ్చునవి తక్కువయే. అయినను పిలకలతో పోల్చినచో ఈ వేగము ఊహకందనిది.

నాలుగవ మెట్టు వేరూరుట. చిగుళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి, లవణములు సగమునకు తగ్గించి ఆక్సిన్ చేర్చిన యానకముపై నుంతురు. రెండు మూడు వారములలో వేళ్ళు దిగును. ఇంతటితో ప్రయోగశాల పని ముగియును. రైతు కష్టములు ఇచ్చటనుండియే ప్రారంభమగును.

సీసానుండి నేలకు

సీసాలో పెరిగిన మొక్క చూపునకు ముద్దుగా, పచ్చగా నుండును. కాని అది పురిటిగదిలోని శిశువు వంటిది. సీసాలో గాలి నీటియావిరితో నిండియుండును గనుక ఆకుపై నీటిని కాపాడు మైనపుపొర సరిగా నేర్పడదు. ఆకులోని పత్రరంధ్రములు అవసరమైనపుడు మూసికొనుట నేర్చియుండవు. వేళ్ళకు నూగువేళ్ళు తక్కువ. అంతవఱకు పంచదార తిని బ్రతికినది గనుక సూర్యకాంతితో తన యాహారమును తాను వండుకొను శక్తియు మందముగా నుండును. ఇట్టి మొక్కను ఒక్కసారిగా ఎండకు గాలికి ఒప్పగించినచో, వేళ్ళయొద్ద నీరున్నను ఆకులు గంటలలో వడలిపోవును.

అందుచేత దానిని మెల్లమెల్లగా బయటి వాతావరణమునకు అలవాటు చేయవలెను. దీనికే గట్టిపఱచుట అని పేరు. వ్యవహారమున హార్డెనింగు అందురు. సీసానుండి తీసిన మొక్క వేళ్ళకంటిన అగారును గోరువెచ్చని నీటిలో సంపూర్ణముగా కడుగవలెను. పంచదార యేమాత్రము మిగిలినను అది బూజునకు విందగును. తరువాత శిలీంధ్రనాశిని ద్రవములో ముంచి, శుద్ధిచేసిన కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో నాటవలెను. మొదటి మూడు నాలుగు వారములు గాలిలో తేమ నూటికి 80 మొదలు 90 వంతుల వఱకు నిలుచునట్లు ప్లాస్టిక్ గుడారములో నుంచి, సన్నని తుంపరలతో తడుపుచుండవలెను. పిదప గుడారపు అంచులను దినదినము కొంచెము కొంచెముగా ఎత్తుచు తేమను తగ్గింపవలెను. ఆ మీదట నాలుగు మొదలు ఆఱు వారములు నీడవల క్రింద నుంచవలెను. క్రొత్తగా నాలుగైదు ఆకులు వేసి, వేళ్ళు కొబ్బరిపొట్టును గట్టిగా అల్లుకొన్నపుడే మొక్క నాటుటకు తగినదగును. సీసాలో పుట్టిన ఆకులు ఎండలో నిలుచునవి కావు. బయట పుట్టిన ఆకులే నిలుచును. కావున మొక్క పొడవును గాక, క్రొత్త ఆకులను లెక్కింపవలెను.

నష్టము మిక్కిలిగా జరుగునది ఈ దశయందే. కొందఱు అమ్మకదారులు స్థలమునకు, కూలికి జంకి, సగము గట్టిపడిన మొక్కలనే రైతునకు పంపుదురు. దాని ఫలితమును లెక్కవేసి చూడుడు. పావు ఎకరమునకు 6,000 మొక్కలు నాటిన రైతునకు నూటికి 20 చచ్చినచో, 1,200 మొక్కలు పోయినట్లు. మొక్కకు ఏటికి 30 పూలని తక్కువగా వేసినను 36,000 పూలు చేజారినట్లే. చచ్చినచోట మరల నాటినను ఆ మొక్కలు వెనుకబడి యుండును. మడిలో ఎరువు, నీరు అందఱికి సమముగానే పోవుచుండును. మొక్కకు రూపాయి రెండు రూపాయలు తక్కువకు వచ్చినదని సంతసించి కొన్నవాడు, ఆ పొదుపునకు ఎన్నియో రెట్లు తొలియేటనే కోల్పోవును.

ప్రచారములో నున్న మూడు భ్రమలు

మొదటిది: కణజాల మొక్కకు తెగులు రాదనునది. ఇది సత్యము కాదు. సీసాలో బూజు, సూక్ష్మక్రిములు సాధారణముగా బయటపడును గాని వైరస్ బయటపడదు. తల్లిలో వైరస్ ఉన్నచో పిల్లలలోను ఉండును. వైరస్‌ను తొలగించుటకు చిగురుకొనలో మిల్లీమీటరులో అల్పభాగమైన విభాజ్యకణజాలమును మాత్రమే గ్రహించి పెంచి, పిదప పరీక్షింపవలెను. మోరెల్, మార్టిన్‌లు డాలియాలో చేసిన పని అదియే. పూమొగ్గ ముక్కనుండి పెంచిన ప్రతి మొక్కయు వైరస్ రహితమని చెప్పజాలము. ఇక నాటిన పిమ్మట నేలలోని ఫైటోఫ్తొరా శిలీంధ్రము మొదలుకుళ్ళు తెగులును కలుగజేయును. తెల్లదోమ, నల్లి, ఆకుతొలుచు పురుగు దీనిని సైతము వదలవు.

రెండవది: కణజాల మొక్కలన్నియు తప్పక తల్లివలెనే యుండుననునది. సాధారణముగా అట్లే యుండును. కాని ఎక్కువ పర్యాయములు విడదీసి పెంచినపుడును, రూపము లేని కణముల ముద్దనుండి చిగుళ్ళను పుట్టించినపుడును, ప్రేరకద్రవ్యములు మితిమీరినపుడును కొన్ని మొక్కలలో శాశ్వతమైన మార్పులు వచ్చును. 1981లో లార్కిన్, స్కౌక్రాఫ్ట్ అను శాస్త్రజ్ఞులు ఈ మార్పులకు ప్రత్యేకముగా పేరిడి వర్ణించిరి. మంచి ప్రయోగశాలలు కొన్ని పర్యాయములకు మించి ఒకే వంశమును సాగదీయక, తల్లిమొక్కనుండి మరల క్రొత్తగా ఆరంభించును. ఆశగొన్నవి అట్లు చేయవు.

మూడవది: కణజాల మొక్క కావుననే దిగుబడి హెచ్చుననునది. దిగుబడి రకమును బట్టియు, పోషణను బట్టియు వచ్చును. సీసా మనకిచ్చునవి సంఖ్య, సమానత్వము, శుభ్రమైన ఆరంభము. తక్కినది రైతు చేతిలోనిది.

కొనునపుడు పరీక్షింపవలసినవి

మన దేశమున కణజాల మొక్కల నాణ్యతను నిర్ణయించుటకు 2006లో జాతీయ ధ్రువీకరణ పద్ధతి యేర్పడినది. 1966 నాటి విత్తనచట్టము క్రింద కేంద్ర ప్రభుత్వ జీవసాంకేతిక విభాగమునకు ఈ అధికారము ఒసగబడెను. ఈ పద్ధతిలో తగిన వసతులు గల ప్రయోగశాలలకు గుర్తింపు నిత్తురు. మొక్కల జట్లను వైరస్ విషయమునను, వంశసమానత్వ విషయమునను పరీక్షించి ధ్రువపత్రము లిత్తురు. కావున కొనుగోలుకు ముందు సభ్యులు ఈ క్రింది విషయములను అడిగి తెలిసికొనవలెను.

ప్రయోగశాలకు గుర్తింపు కలదా? ఆ గుర్తింపు గడువు మిగిలియున్నదా? మనకు ఇచ్చు జట్టునకు ప్రత్యేకముగా ధ్రువపత్రము కలదా? ప్రయోగశాల గుర్తింపు వేఱు, జట్టు ధ్రువపత్రము వేఱు. ఒకటి చూపి రెండవదియు ఉన్నట్లు భ్రమింపజేయుట తగదు. రకము పేరేమి? విదేశీయ సంకర్తలు సృష్టించిన రకమైనచో దానిని పెంచి అమ్ముటకు వారి అనుమతి కలదా? సీసానుండి తీసిన తేదీ యేది? గట్టిపఱచిన కాల మెంత? రవాణాలోను, నాటిన తొలివారములలోను చచ్చిన మొక్కలకు బదులిత్తురా? ఇచ్చినచో నూటికి ఎన్నింటివఱకు? ఈ మాటలన్నియు రసీదుపై వ్రాయింపవలెను. నోటిమాటకు సాక్షి లేదు.

మొక్కలు చేరినపుడు ప్రతి పెట్టెనుండి పది మొక్కలను కొబ్బరిపొట్టుతో సహా పైకి తీసి చూడుడు. వేళ్ళు తెల్లగా, పొట్టును పట్టుకొని యున్నచో మంచిది. పొట్టు రాలిపోయి వేళ్ళు నగ్నముగా నిలిచినచో మొక్క ఇంకను పసిది. ఆకులు గాజువలె పారదర్శకముగా, నీరుపట్టినట్లు ఉబ్బియున్నచో అది సీసాలోని దోషము, అట్టిది కోలుకొనదు. మచ్చలు, చారలు, ముడుతలు గల ఆకులున్నచో ఆ జట్టును వేఱుగా నుంచి అధికారులకు చూపవలెను.

నాటు విధము

జెర్బెరాకు నీరు నిలువని తేలికనేల కావలెను; ఉదజని సూచిక 5.5 మొదలు 6.5 వఱకు ఉండవలెను. మన నల్లరేగడి ఇట్లే పనికిరాదు. ఎఱ్ఱమట్టి, పశువుల యెరువు, వరిపొట్టు లేక కొబ్బరిపొట్టు కలిపి మడులు కట్టవలెను. వేసవిలో మడులను తడిపి ప్లాస్టిక్ పఱచి కొన్ని వారములు ఎండకు కాగనిచ్చినచో నేలలోని శిలీంధ్రములు చాలవఱకు తగ్గును. మడి ఎత్తు అడుగున్నరకు తక్కువ గాకుండ, పైవెడల్పు రెండడుగులకు పైగా నుండునట్లు కట్టి, రెండు వరుసలలో అడుగు దూరమున ఎదురుబొదురు గాకుండ నాటవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది నాటు లోతు. ఆకులు పుట్టు మొదలు భాగము నేలమట్టమునకు ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి నిలువవలెను. మొక్క పడిపోవునేమో యను భయమున మొదలును మట్టితో కప్పినచో, నీరు చేరి మొదలు కుళ్ళి మొక్క నశించును. కొన్ని దినములు వంగినట్లుండినను క్రొత్తవేళ్ళు దిగగానే నిలబడును. తొలి నాలుగు వారములు తేమను కాపాడి, పిదప బిందుసేద్యముచే నీరు పెట్టవలెను. మొదటి రెండు మాసములలో వచ్చు మొగ్గలను త్రుంచివేయవలెను. మూడవ మాసమున పూత మొదలగును; బాగుగా పోషించినచో రెండు మూడేండ్లు పూయును. పూవును కత్తితో కోయక, కాడను మొదట పట్టి ప్రక్కకు వంచి లాగవలెను. మిగిలిన ముక్క కుళ్ళినచో మొక్కకు హాని.

నాటు కాలమును గూర్చి ఒక మాట. ఆషాఢము, భాద్రపదము, పుష్యము శూన్యమాసములు. పెండ్లిండ్లుండవు గనుక హైదరాబాదు గుడిమల్కాపూర్ విపణిలో అలంకారపు పూల గిరాకి పడిపోవును. మాఘ ఫాల్గునములలోను, వైశాఖ శ్రావణములలోను, కార్తికమునందును హెచ్చును. తొలిపూత ముహూర్తములకు అందునట్లు మూడు మాసములు వెనుకకు లెక్కించి నాటుదినమును నిర్ణయింపవలెను. ప్లాస్టిక్ పూల పోటీవలన ధరలు ఇప్పటికే క్రుంగియున్న ఈ దినములలో తొలి వాయిదాకు సొమ్ము చేతికందుట రైతునకు ప్రాణావసరము.

సంఘము చేయదగిన పని

తెలంగాణ రాష్ట్ర మేర్పడిన తొలి సంవత్సరములలో పాలీహౌసుల నిర్మాణమునకు వ్యయములో నూటికి 75 వంతులు ప్రభుత్వము రాయితీ నొసగెను. దానివలన నగర పరిసర గ్రామములలో జెర్బెరా సాగు వ్యాపించెను. కట్టడమునకు సాయము దొరకినది గాని, మంచి మొక్కను ఎన్నుకొను జ్ఞానము కట్టడముతో రాదు. దానిని మనము కలసి సంపాదింపవలెను.

మన సంఘమే ప్రయోగశాలను ఏల స్థాపింపరాదని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఈ ఉత్సాహము మెచ్చదగినదే గాని తొందరపడరాదు. ప్రయోగశాలకు రాత్రింబగళ్ళు ఆగని విద్యుత్తు, నేర్పుగల పనివారు, నిత్యము పోషించు తల్లిమొక్కలు కావలెను. పని ఏడాది పొడుగున సాగవలెను. మొక్కల గిరాకి మాత్రము కొన్ని మాసములకే పరిమితము. ఒక్క వారము శుభ్రత తప్పినను నెలల శ్రమ బూజుపాలగును. సభ్యుల వాటాధనమును ఇట్టి సాహసమున నిలుపుట ఇప్పటికి తగదు.

దానికి బదులుగా నాలుగు పనులు మన శక్తిలోనివి. మొదటిది, సభ్యులందఱి అవసరములను చేర్చి ఒకే కోరికపత్రముగా నాలుగైదు మాసములు ముందుగా గుర్తింపు గల ప్రయోగశాలకు పంపుట. విడివిడిగా ఆఱువేలు కొనువానిని లెక్కచేయని అమ్మకదారుడు, లక్షమొక్కలు కొను సంఘముతో షరతులకు లోబడును. రెండవది, ఉమ్మడి నీడవల గృహమును నిర్మించి, తొలిదశ దాటిన మొక్కలను తెచ్చి తుదివఱకు గట్టిపఱచి సభ్యులకు పంచుట. దీనికి కావలసిన నేర్పు మన నర్సరీ పనివారికి స్వల్పశిక్షణతో అబ్బును. మొక్క మన యెండకు, మన నీటికి మన కన్నులయెదుట అలవాటు పడును. మూడవది, ప్రతి జట్టునకు సంఖ్య నిచ్చి, ఏ జట్టు ఏ సభ్యుని మడికి పోయినదో, ఎన్ని చచ్చినవో, పోలిక తప్పినవి ఎన్నియో పుస్తకమున వ్రాయుట. ఒక్క రైతు ఫిర్యాదు మాటగా పోవును. పదిమంది లెక్కలు గల పుస్తకము సాక్ష్యమగును. నాలుగవది, మొక్కలకై ఇచ్చు ఋణముల తొలి వాయిదాను నాటినదినమునుండి గాక, పూత ఆరంభమునుండి లెక్కించునట్లు నిబంధన చేయుట.

సహకారోద్యమము మన దేశమున 1904 నాటి చట్టముతో ఆరంభమైనపుడు, వడ్డీవ్యాపారి పాలబడిన రైతునకు చౌకగా అప్పు దొరకించుటయే దాని ముఖ్యోద్దేశము. నేడు అప్పు దొరకినంతమాత్రమున చాలదు. ఆ సొమ్ముతో కొన్న వస్తువు మంచిదై యుండవలెను. కంటికి మేలైనదిగా కనబడుచు లోపల దోషము దాచుకొన్న మొక్కను ఒంటరి రైతు గుర్తింపజాలడు, సంఘము గుర్తింపగలదు. రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందు జెర్బెరా సాగుచేయు సభ్యులు తమకు కావలసిన రకమును, మొక్కల సంఖ్యను, నాటదలచిన మాసమును కార్యదర్శికి వ్రాతమూలకముగా తెలిపినచో, పైని చెప్పిన మొదటి పనికి ఈ యేడే శ్రీకారము చుట్టవచ్చును.